వెలుతురు బావిలో పడిన నవ్వు

నవ్వు పైకి ఎగిరే వస్తువని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఆ గురువారం సాయంకాలం హాగ్ బయూమీ గారి ఇంట్లో మాత్రం అది కిందికి పడింది.

అల్లాటప్పాగానూ పడలేదు. పై అంతస్తు కిటికీలోంచి బయలుదేరి, ఇంటి నడుమ నిలువునా దిగిన వెలుతురు బావిలో, తాళ్ళమీద ఆరేసిన నల్లబట్టల మధ్యగా జారి, నడిమి అంతస్తు కిటికీని దారిలో పలకరించి, కింది అంతస్తులో పరామర్శకు వచ్చి వరసగా కూర్చున్న ఆడవాళ్ళ ఒళ్ళో పడింది. ఖురాన్ చదువుతున్న పెద్దావిడ గొంతు తడుపుకోవడానికి ఒక్క గుక్కెడు నీళ్ళ కోసం ఆగింది. ఆ గుక్కెడు వ్యవధిని ఎన్నుకుని మరీ పడింది.

చక్కెర లేని కాఫీ కప్పులు గాలిలోనే నిలిచిపోయాయి. మన్సూరా పట్టణంలో చెవులున్న ఆడవాళ్ళందరూ ఆ గదిలోనే ఉన్నారంటే అతిశయోక్తి అవుతుంది. లేనివాళ్ళకు ఆ కొరత చీకటి పడేలోగా తీరిపోయింది.

ఇంటి పెద్ద బయూమీ గారు పోయి ఇంకా నలభై రోజులు నిండని ఇల్లు. నలభై నిండేదాకా తీపి వండకూడదు, రేడియో మోగకూడదు, టీవీ మీద కప్పిన నల్లగుడ్డ తొలగకూడదు. పక్కింటివాళ్ళు సైతం తమ టీవీల గొంతు నొక్కి, తలుపులు బిగించుకుని, దొంగల్లా వార్తలు చూస్తున్న రోజులవి. అటువంటి ఇంట్లో నవ్వు.

గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోయినాయన భార్య దౌలత్, హజ్ చేసివచ్చిన గౌరవంతో ఊరంతా హాగ్గా అని పిలిచే ఆ మహాసామ్రాజ్ఞి, ఎవరి మొహమూ చూడలేదు. తల ఎత్తి, కిటికీకేసి చూసింది. ఆ చూపు కోపమని రతీబా అనుకుంది. రతీబా పెద్దకోడలు, ఆ ఇంట్లో ఎవరి చూపుకు ఏమి అర్థమో నిర్ణయించే శాఖ ఆమెదే.

విచారణ మర్నాడు శుక్రవారపు ప్రార్థన ముగిశాక కొలువు తీరింది. ముద్దాయి మోకాళ్ళు ఆ రోజు మెట్లు దిగడానికి సమ్మతించలేదు కనుక న్యాయస్థానమే మెట్లెక్కవలసి వచ్చింది. న్యాయమూర్తి ముఖ్తార్ ఇంటికి పెద్దకొడుకు, సిమెంటు వ్యాపారి, తన సరుకులాగే బరువైన మనిషి. ఎక్కిన తర్వాత చాలాసేపు తీర్పుకు బదులు ఆయాసమే వెలువడింది.

ముద్దాయి చిన్నకోడలు ఇన్సాఫ్. ఆమె ఒంట్లో కొన్నేళ్ళుగా ఒక తోడేలు కాపురం ఉంది. ఈ మాట కవిత్వం కాదు, ఆ జబ్బుకు డాక్టర్లు పెట్టిన పేరే అది: ఎర్ర తోడేలు. అది తిరిగినన్నాళ్ళు కీళ్ళు కొరుకుతుంది, జ్వరం తెస్తుంది, లేచి గ్లాసెడు నీళ్ళు తెచ్చుకోవడాన్ని దండయాత్రగా మారుస్తుంది. పడుకున్నన్నాళ్ళు మనిషి మామూలుగానే కనిపిస్తుంది. ఎండ తగిలితే లేస్తుంది కాబట్టి ఇన్సాఫ్ కు వీధివైపు బాల్కనీ నిషిద్ధం. ఆమె లోకమంతా వెలుతురు బావివైపున్న గదిలోనే. అన్నిటికీ మించిన అన్యాయం, అది బుగ్గలమీద ఎర్రటి సీతాకోకచిలుకను దిద్దిపోతుంది. చూసేవాళ్ళకు అది ఆరోగ్యంలా కనిపిస్తుంది.

రతీబా నడుముమీద చెయ్యి వేసుకుని గదంతా కలియజూసింది. నల్లగుడ్డ టీవీమీద లేదు, మడతపెట్టి పక్కన ఉంది. మడత చక్కగా ఉండడం ఆమెకు ఇంకా ఒళ్ళు మండించింది.

"ఏం చూస్తున్నావు నిన్న?"

"శౌకత్ ఎఫెండి" అంది ఇన్సాఫ్.

ఆ పేరు వినగానే గదిలో ఉన్న వగ్దీ, ఆమె భర్త, తల దించుకున్నాడు. శౌకత్ ఎఫెండి అలెగ్జాండ్రియాలో ట్రాము కండక్టరుగా పనిచేసి రిటైరై, ఇంటిని కూడా ట్రాములాగే నడపాలని చూసే ఒక పాత సీరియల్ మనిషి. భోజనానికి వచ్చినవాళ్ళను టికెట్టు అడుగుతాడు. ఎప్పటిదో రంజాన్ నెలలో వచ్చిన ఆ నలుపు తెలుపు కథను ఇన్సాఫ్ తమ్ముడు క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో డాక్టరు ఇచ్చిన మాత్రలది ఒక వైద్యం, ఆ క్యాసెట్లది ఒక వైద్యం.

"మళ్ళీ అదేనా. అందులో ఎవడేమంటాడో నీకు నిద్రలో అడిగినా వచ్చుగదే."

"వచ్చు."

"వచ్చిన దానికి నవ్వెందుకు? మామయ్య పోయిన ఇంట్లో నీకు నవ్వొచ్చిందా?"

"వచ్చింది అక్కా."

న్యాయస్థానం దీనికి సిద్ధంగా లేదు. నేరం ఒప్పుకోనివాళ్ళకు ఎలా శిక్షవేయాలో ముఖ్తార్ మెట్లమీద ఆలోచించుకుంటూ వచ్చాడు. ఒప్పుకున్నవాళ్ళ సంగతి ఆలోచించలేదు. వగ్దీ అడ్డుపడి, ఒంట్లో బాగాలేనప్పుడు పిచ్చినవ్వు వస్తుందని డాక్టరు చెప్పాడని ఒక అబద్ధం ఆడాడు. ఇన్సాఫ్ అతనివైపు చూసి, లేదు, అలాంటిదేమీ చెప్పలేదంది.

రతీబా టీవీ ఎదురుగా ఉన్న రెండు కుర్చీలలో దిండు బాగా కుంగిపోయినదాన్ని లాక్కుని కూర్చోబోయింది.

"ఆ కుర్చీలో వద్దక్కా" అంది ఇన్సాఫ్.

ఇంత జరిగినా గొంతు పెంచని మనిషి, కుర్చీకోసం పెంచింది. రతీబా నిలబడిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగనీళ్ళు కావు.

"చూశావా మరిదీ, నేను కూర్చోవడానికి కూడా పనికిరాను. పొద్దున లేస్తే ముగ్గురు పిల్లలు, అత్తయ్య, వచ్చిన ప్రతి తల్లికీ కాఫీ. నాకు నడుం లేదా, నొప్పి లేదా? నేనెప్పుడైనా టీవీ ముందు కాళ్ళు చాపానా? ఆ బుగ్గలు చూడు, పెళ్ళికూతురికి కూడా అంత రంగు రాదు. అంత చక్కటి రోగం మాకూ కాస్త ఇప్పించవే తల్లీ."

బావిలో ఎక్కడో నీటిబొట్టు పడుతున్న చప్పుడు వినిపించింది.

తీర్పు వెలువడింది. టీవీ, వీడియో రెండూ నలభయ్యో రోజుదాకా కింద హాగ్గా గదిలో, ఆమె కళ్ళెదుట, నల్లగుడ్డ కింద ఉంటాయి. ఇది శిక్ష కాదని, ఇంటి మర్యాద అని ముఖ్తార్ వివరించాడు. శిక్ష వేసేవాళ్ళందరూ అలాగే వివరిస్తారు. తర్వాత అన్నదమ్ములిద్దరూ చెరోవైపు పట్టుకుని టీవీని మెట్లు దింపారు. వెనక్కి నడుస్తూ దిగినవాడు వగ్దీ. అలా దిగేవాడికి ఎదురుగా పైమెట్టుమీద నిలబడ్డ భార్య కనిపించి తీరాలి. అతను టీవీనే చూస్తూ దిగాడు.

రాజ్యాలు యంత్రాన్ని జప్తుచేసి శాస్త్రాన్ని మరిచిపోవడం చరిత్రలో కొత్త కాదు. ఇన్సాఫ్ ఆ పొద్దున కథ మళ్ళీ మొదలుపెట్టుకుని ఉండడంతో మొదటి క్యాసెట్టు వీడియోలోనే ఉండి కిందికి వెళ్ళిపోయింది. మిగిలినవి ఇన్సాఫ్ బీరువాలో దిండుగలీబుల కింద క్షేమంగా ఉన్నాయి. చూసే యంత్రం లేనివాళ్ళకు అవి ఎంత ఉపయోగమో, గుర్రం లేనివాడికి జీను అంత ఉపయోగం.

తోడేలు ఆదివారం లేచింది.

బల్లమీద టీవీ ఉన్నచోట దుమ్ములేని చదరం ఒకటి మిగిలింది. ఇన్సాఫ్ మంచంమీద పక్కకు తిరిగి ఆ చదరాన్ని చూస్తూ పడుకుంది. వగ్దీ పొరుగువాళ్ళ దగ్గర అడిగి ఒక నవల తెచ్చాడు, మంచి లావుపాటిది. దాన్ని ఎత్తి పట్టుకోవడానికి ఆమె వేళ్ళు ఒప్పుకోలేదు. గుండెలమీద ఆనించుకుని కొంత చదివింది. అందులో ఒక స్త్రీ రైలు దిగి ఎవరికోసమో ఎదురుచూస్తోంది. ఆ వచ్చేవాడు వస్తాడో రాడోనన్న ఆదుర్దా తన నాడిలో కొట్టుకోవడం తెలిసి ఇన్సాఫ్ పుస్తకం మూసేసింది. ఆదుర్దా ఆమెకు ఇంట్లోనే కావలసినంత ఉంది, అరువు తెచ్చుకోవలసిన పనిలేదు.

సాయంకాలం వగ్దీ మంచం పక్కన కూర్చుని, కావాలంటే శౌకత్ ఎఫెండి కథ తనే చెబుతానన్నాడు. మంచివాడు. మంచితనం చేతకానిచోట కూడా పనిచేయడానికి వెనుదీయనివాడు.

"శౌకత్ ఎఫెండి పొద్దున్నే లేచి, విజిల్ ఊదాడు. వాళ్ళ పెద్దబ్బాయి, ఆ, పేరేమిటి?"

"ఆయనకు కొడుకులు లేరు. ముగ్గురూ కూతుళ్ళే."

"మరి ఆ మీసాలవాడు?"

"అల్లుడు."

వగ్దీ అల్లుణ్ణి ట్రామెక్కించాడు, దించాడు, ఎక్కడికి పంపాలో తెలియక ఆస్పత్రికి పంపాడు. ఇన్సాఫ్ గోడవైపు తిరిగింది. శౌకత్ ఎఫెండి ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ జబ్బు చేయదు. ఆ సంగతి తన భర్తకు తెలియదు.

"నీకు కొత్తవి ఏవైనా తెప్పిస్తాను, నలభై అయ్యాక. ఎప్పుడూ ఆ పాత గోలేనా?" అన్నాడతను నొచ్చుకుని.

"రేపు పొద్దున ఈ చెయ్యి మూసుకుంటుందో లేదో నాకు తెలియదు వగ్దీ. మంచం దిగుతానో లేదో తెలియదు. ఏది జరుగుతుందో ముందే తెలిసిన చోటు నాకు ఒక్కటుంది. దాన్ని నువ్వు భుజానేసుకుని మెట్లు దించావు."

"ఏం చేయమంటావు? అన్నయ్యతో కొట్లాడమంటావా, నాన్న పోయి పట్టుమని నలభై కాకుండా?" అన్నాడు వగ్దీ. "మీరంతా ఏడవడానికి వరసలు కట్టారు, నవ్వినందుకు కోర్టులు పెట్టారు. పోయింది మా నాన్నే. కుర్చీలు వెయ్యి, కుర్చీలు తియ్యి, ఇదే నాకు మిగిలింది."

దానికి సమాధానం ఉంది. ఒకే ఒక్క సమాధానం, ఆ కుంగిన దిండు ఎవరిదో చెప్పడం. ఇన్సాఫ్ నోరు తెరిచేలోగా కింద ఎవరో వగ్దీని కేకవేశారు, అతను లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజుకు వాళ్ళ మధ్య మాట అక్కడే ఆగింది.

ఆ మరుసటి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరు ఊరంతా కునుకు తీస్తున్న వేళ, ఇన్సాఫ్ కు ట్రాముగంట వినిపించింది.

జ్వరం అనుకుంది. మన్సూరాలో ట్రాములు లేవు. గంట వెనకే డప్పు, దాని వెనకే క్లారినెట్. అది శౌకత్ ఎఫెండి పేర్లు పడేటప్పుడు వచ్చే పాట. అరచేయి అడ్డంపెట్టి పాడించినట్టు, అతి సన్నగా, బావి అడుగునుంచి వస్తోంది.

ఆమె గోడ పట్టుకుని లేచింది. మంచానికీ కిటికీకీ మధ్య ఉన్న దూరాన్ని దాటి, గట్టుమీద మోచేతులు ఆనించి వంగి చూసింది. అడుగున హాగ్గా గది కిటికీ తలుపు ఓరగా ఉంది. ఎదుటి గోడమీద నీలిరంగు వెలుగు వణుకుతోంది.

మర్యాదను కాపాడడానికి నియమించిన కాపలాదారే కోటతలుపు తీసిందన్నమాట. ఇన్సాఫ్ కు మొదట కోపం వచ్చింది. అది నిలబడడానికి కూడా ఒంట్లో కొంత బలం కావాలి, ఆ బలం లేక కోపం దిగిపోయింది. చెవి మాత్రం కిటికీలోనే ఉంచింది.

కాసేపటికి పాట ఆగింది. నీలివెలుగు పోయింది. కిటికీలో నల్లటి ముసుగు ఒకటి కనిపించింది.

"ఇన్సాఫ్."

"అత్తయ్యా."

"పడుకోలేదా?"

"లేదు."

హాగ్గా దౌలత్ జీవితంలో ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు; ఆమె చూస్తే వస్తువులు నడిచివచ్చేవి. ఇప్పుడు చూడడానికి మెడ పైకెత్తవలసి వచ్చింది.

"రెండోది పంపు."

"ఏ రెండోది అత్తయ్యా?"

"నన్ను ముష్టెత్తించకు పిల్లా."

తన టీవీ, తన కథ, తన మంచంముందు మిగిలిన ఖాళీ చదరం, అన్నీ కలిసి ఇన్సాఫ్ నోరు మూశాయి. ఆ మౌనం బావిలో దిగి కిందికి చేరడానికి కొంత సమయం పట్టింది.

"మీ మామయ్య ఏ చోట నవ్వేవాడు?" అంది హాగ్గా. "మొదటిది అంతా చూశాను. మళ్ళీ వేసి చూశాను. నాకెక్కడా నవ్వు రాలేదు. ఆస్పత్రిలో కిడ్నీలకు డయాలసిస్ చేయించుకొచ్చిన రోజున ఆయనకు నా మొహం చూసే ఓపిక ఉండేది కాదు. మెట్టుమెట్టుకూ ఆగుతూ నీ దగ్గరికి మాత్రం ఎక్కేవాడు. ఆ తర్వాత ఈ కిటికీలో ఆయన నవ్వు వినబడేది. ఇన్నేళ్ళ కాపురంలో నా ఎదట అట్లా నవ్వలేదే. నేనడిగితే, నీకు చెబితే నవ్వు రాదులే అనేవాడు. మొన్న గురువారం ఆ నవ్వు పడగానే ఆయనే అనుకుని తలెత్తాను."

ఇన్సాఫ్ వెనక్కి తిరిగి ఆ కుంగిన దిండును చూసింది. ఇద్దరు రోగులు ఆ రెండు కుర్చీలలో ఒక్కమాట మాట్లాడుకోకుండా గడిపిన మధ్యాహ్నాలు. ఎలా ఉందని ఆయన అడిగేవాడు కాదు, ఆమె అడిగేది కాదు. ఆ చోటు వచ్చేముందు మామయ్య కర్రతో నేలమీద ఒకసారి తట్టేవాడు, అంతే.

"రెండో దాంట్లో అత్తయ్యా. శౌకత్ ఎఫెండి అత్తగారు టికెట్టు లేకుండా భోజనాల బల్ల దగ్గర కూర్చుంటుంది చూడండి, అక్కడ. మొన్న నేను నవ్విందీ అక్కడే."

కిందినుంచి "అత్తగారా" అని మాత్రం వినిపించింది. ఆ ఒక్కమాటలో ఆయన తనకెందుకు చెప్పలేదో ఆమెకు కొంత అర్థమైనట్టే ఉంది.

"పంపుతాను. ఒక షరతు."

"నువ్వు నాకు షరతులు పెడతావూ?"

"శబ్దం పెంచండి. బొమ్మ నాకు అక్కర్లేదు, కళ్ళు మూసుకుంటే కనబడుతుంది. శబ్దం ఈ కిటికీ దాకా రావాలి."

"మధ్యలో రతీబా ఉంది."

"పిల్లలతోపాటు తనూ పడుకుని ఉంటుంది ఈ వేళకు."

రాజనీతి తెలిసినవాళ్ళు శత్రువు నిద్రమీద ఒప్పందాలు చేసుకోరు. ఈ ఇద్దరికీ ఆ శాస్త్రంలో ప్రవేశం లేదు.

ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక తాటాకుబుట్ట, దానికొక పొడుగాటి తాడు ఉంటాయి. వీధిలో కూరలబండి ఆగితే బాల్కనీనుంచి బుట్ట దింపుతారు. ఎండ నిషిద్ధమైన ఇన్సాఫ్ బుట్ట వెలుతురు బావిలోనే వేలాడేది. ఆమె రెండో క్యాసెట్టు బుట్టలో పెట్టి, వగ్దీ తెచ్చిన నిమ్మకాయలు దానిమీద పోసి, పుదీనాకట్ట విప్పి పరిచింది. తాడును వేళ్ళతో పట్టలేక మణికట్టుకు ఒక చుట్టు చుట్టుకుని, కొంచెం కొంచెంగా వదిలింది.

బుట్ట నల్లబట్టల మధ్యనుంచి ఠీవిగా దిగింది. నడిమి అంతస్తు కిటికీ ముందుకు వచ్చి ఆగిపోయింది.

ఇన్సాఫ్ ఇంకొంచెం వదిలింది. తాడు వదులైంది, బుట్ట కదలలేదు. వంగి చూస్తే, ఒక చెయ్యి బుట్టను పట్టుకుని ఉంది. గాజులు తీసేసిన చెయ్యి, కాఫీలు కాచి కాచి వేళ్ళు ఎర్రబడిన చెయ్యి.

రతీబా పుదీనా తొలగించింది. నిమ్మకాయలు తొలగించింది. క్యాసెట్టును బయటికి తీసి, వెనక్కి ముందుకు తిప్పి చూసి, ముందు పైకి చూసింది, తర్వాత కిందికి చూసింది. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక తాడు.

"ఇదేంటి అత్తయ్యా?" అంది చివరకు, మెత్తగా.

అత్తయ్య తనను ఇక్కడే వదిలేస్తుందని ఇన్సాఫ్ కు ఖాయంగా అనిపించింది. పంపమని ఎవరన్నారు అంటుంది. ఆ తర్వాత టీవీతోపాటు బీరువాలోని క్యాసెట్లూ పోతాయి, నలభై తర్వాత కూడా రావు.

"నిమ్మకాయలు" అంది హాగ్గా.

"ఇది నిమ్మకాయ కాదత్తయ్యా."

"ఆ బుట్టలో ఉన్నవన్నీ నిమ్మకాయలే." మహారాజ్ఞి తన సింహాసనాన్ని మళ్ళీ అధిష్ఠించింది. "నేను చెప్పానుగా. బుట్ట వదులు."

రతీబా వెంటనే వదలలేదు. ఆ ఇంటి కోడలిగా అడుగుపెట్టినప్పటినుంచి ఆమె మోసిన పళ్ళేలూ, మింగిన మాటలూ, అన్నీ ఆ క్షణంలో ఆ తాడుకు బరువుగా వేలాడాయి. ఆమె ఒక్క కేక వేస్తే చాలు, ఈ ఇల్లు ఇంకోవిధంగా నిలబడుతుంది. ఆమె క్యాసెట్టును బుట్టలో పెట్టింది. నిమ్మకాయలు పోసింది. పుదీనా కూడా సర్దింది.

"అయితే వాటిని పిండడానికి నేనూ కిందికొస్తున్నాను" అంది. "పిల్లలు పడుకున్నారు. నేనూ కాస్త కూర్చుంటాను, ఎవరి కుర్చీ అని అడక్కుండా ఉంటే."

కిటికీ మూసుకుంది. మెట్లమీద ఆమె చెప్పుల చప్పుడు త్వరత్వరగా దిగిపోయింది. మెట్లు దిగడం అంత తేలికని ఇన్సాఫ్ మరిచిపోయి చాలాకాలమైంది.

బుట్ట అడుగుకు చేరి హాగ్గా కిటికీ ఊచలకు ఆనింది. లోపలికి వస్తువులు వెళ్ళాయి. నీలివెలుగు మళ్ళీ గోడమీద పడింది. మాట ప్రకారం శబ్దం పెరిగింది. ట్రాముగంట బావిలో ఎక్కివచ్చి ఇన్సాఫ్ గదిలోకి ప్రవేశించింది.

ఆమె కిటికీ కిందనే చతికిలబడి, తల గోడకు ఆనించి కళ్ళు మూసుకుంది. అంతా సవ్యంగా కనబడింది. శౌకత్ ఎఫెండి టోపీ, ముగ్గురు కూతుళ్ళు, మీసాల అల్లుడు. కింద ఇద్దరు స్త్రీల గుసగుసలు మధ్యమధ్య వినబడుతున్నాయి. వీడెవడు అని రతీబా, మాట్లాడకుండా చూడు అని హాగ్గా. తన టీవీ ముందు, తన కథ ముందు, ఇద్దరూ హాయిగా కూర్చుని ఉన్నారు. తనకు దక్కింది వాళ్ళు వదిలేసిన శబ్దం. అయినా నొప్పి ఒక మెట్టు దిగింది.

శౌకత్ ఎఫెండి వంటింట్లో గరిటెలు మోగాయి. అత్తగారు వస్తోంది. ఆ చోటు దగ్గరపడుతోంది.

అప్పుడు కింద వీధిగేటు ఇనుపతలుపు కిర్రుమంది.

ఇన్సాఫ్ కళ్ళు తెరిచింది. ముఖ్తార్ గొంతు. ఈ వేళప్పుడు దుకాణం వదిలి ఎన్నడూ రానివాడు, పల్లెనుంచి వచ్చిన పెదనాన్నతో, నలభయ్యో రోజున ఎందరికి భోజనాలు పెట్టాలో చర్చిస్తూ వస్తున్నాడు. పెదనాన్న చేతికర్ర రాతిపలకలమీద టకటకమంటోంది. గేటునుంచి హాగ్గా గదికి నడవ ఒక్కటే అడ్డు. టీవీ మోతలో లోపలివాళ్ళకు ఆ చప్పుడు వినబడే ఆశ లేదు.

తాడు ఇంకా ఇన్సాఫ్ మణికట్టుకే చుట్టి ఉంది. రెండో కొసన బుట్ట కిటికీ ఊచలకు ఆని ఉంది. ఒక్కసారి గట్టిగా లాగితే ఊచలు మోగుతాయి. శబ్దం ఆగుతుంది, నల్లగుడ్డ కప్పుకుంటుంది, అందరూ బతికిపోతారు. ఆ చోటు మాత్రం రాదు. లాగకపోతే ఆ చోటు వస్తుంది. ఆ తర్వాత ఆ టీవీ ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఏం జరుగుతుందో ముందే తెలిసిన ఆ ఒక్క చోటులోకి, మొదటిసారి, తెలియనిది నడిచివస్తోంది.

"టికెట్టు, అత్తగారూ" అన్నాడు శౌకత్ ఎఫెండి.

ఇన్సాఫ్ తాడును పట్టుకోబోయింది. వేళ్ళు మూసుకోలేదు. అవి మూసుకోలేకపోయాయో, మూసుకోవద్దని తానే అనుకుందో, ఆ తర్వాత ఎన్నిసార్లు తరచి చూసుకున్నా ఆమెకు తేలలేదు.

నవ్వు పైకి ఎగిరే వస్తువే. ముందు రతీబాది, కిసుక్కున. దాని వెనుక ఆ ఇంటి గోడలు ఏనాడూ ఎరగని ఒక నవ్వు, బొంగురుగా, తడిగా, దారి తెలియక తడుముకుంటూ మొదలై, ఒక్కసారిగా విచ్చుకుని, నల్లబట్టలను కదిలిస్తూ వెలుతురు బావినిండా ఎక్కివచ్చింది.

కింద నడవలో కర్ర చప్పుడు ఆగిపోయింది.